అడగలేని సైనికుడు, బలవంతం లేని దానం



ఇరవై ఏళ్లు మిలిటరీలో పనిచేసి, పెన్షన్‌తో సొంత ఊరికి వచ్చిన ఒక సహోదరుడు మీ సంఘంలో ఉన్నారనుకుందాం. ఆయన రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నారు. కిడ్నీ మార్పిడి చేయించుకుంటే మంచిదని, ఇంట్లో ఎవరైనా ఇవ్వగలరేమో చూడమని డాక్టరుగారు చెప్పారు. భార్యకు షుగర్. కొడుక్కి పదహారేళ్లు. తమ్ముడు ముందుకు వచ్చాడు గాని బ్లడ్ గ్రూపు కలవలేదు. ఇంత జరుగుతున్నా ఆదివారం ప్రార్థన మనవుల చీటీలో ఆయన రాసేది ఒక్క ముక్కే: "నా ఆరోగ్యం కొరకు ప్రార్థించండి."

ఆ సహోదరుడు ఇంకేమీ రాయలేదంటే ఆశ్చర్యం లేదు. సైన్యం మనిషికి ఓర్చుకోవడం నేర్పుతుంది, ఇతరులను కాపాడడం నేర్పుతుంది. ఎదుటివాడి దగ్గరికి వెళ్లి "నీ ఒంట్లో ఒక భాగం నాకియ్యి" అని అడగడం నేర్పదు. అసలు ఆ మాట ఎవరి నోటికీ తేలికగా రాదు. ఈ సంగతి సంఘానికి తెలిసినప్పుడు కాపరి ఏం చేయాలి? వేదిక మీద నుంచి ప్రకటించాలా? వాట్సాప్ గ్రూపులో పెట్టాలా? మౌనంగా ప్రార్థన చేసి ఊరుకోవాలా?

నేను చెప్పదలచినది ఒక్కటే. అడగలేనివాని తరఫున అడగడం సంఘం పని. అయితే "ఇవ్వలేను" అన్నవారికి "ఇస్తాను" అన్నవారితో సమానమైన గౌరవం దక్కేటట్టు అడగడం కూడా సంఘం పనే. ఈ రెండోది లేకపోతే మొదటిది పాపమవుతుంది. ఇది అర్థం కావాలంటే కిడ్నీ దానం ఎలా జరుగుతుందో, దాతకు ఏమవుతుందో, చట్టం ఏమంటుందో కొంత తెలియాలి.

మొదట కోలుకున్నవాడు కూడా మాజీ సైనికుడే

బతికున్న మనిషి ఇచ్చిన కిడ్నీతో రోగి కోలుకుని ఏళ్ల తరబడి జీవించిన మొదటి ఆపరేషన్ 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో, పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో జరిగింది. రోగి పేరు రిచర్డ్ హెరిక్, వయసు 23. అమెరికా సాయుధ దళాల్లో ఒకటైన కోస్ట్ గార్డ్‌లో, అంటే తీరరక్షక దళంలో, పనిచేసి బయటికి వచ్చాడు. నెఫ్రైటిస్ అనే జబ్బుతో రెండు కిడ్నీలూ చెడిపోయి మరణానికి దగ్గరయ్యాడు. దాత అతని కవల సోదరుడు రోనాల్డ్.

ఒకరి అవయవాన్ని మరొకరి శరీరం పరాయిదిగా గుర్తించి తిప్పికొడుతుంది. దాన్ని ఆపే మందులు అప్పటికి లేవు. ఒకే పోలికగల కవలలైతే శరీరం తేడా కనిపెట్టదని వైద్యుల ఆశ. వీరు నిజంగా అటువంటి కవలలేనా అని తేల్చుకోవడానికి ఒకరి చర్మం ముక్కను మరొకరికి అతికించి చూశారు. పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి వేలిముద్రలు కూడా పోల్చారు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ జోసెఫ్ మర్రే కూడా సైన్యం నుంచి వచ్చినవాడే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో, కాలిన గాయాలతో వచ్చిన సైనికులకు చికిత్స చేశాడు. వారిలో చార్లెస్ వుడ్స్ అనే యువ పైలట్ ఒకడు. అప్పటి భారతదేశం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు ఇంధనం మోసే విమానం ప్రమాదానికి గురై ఒళ్లంతా కాలిపోయింది. చనిపోయినవారి చర్మాన్ని తాత్కాలికంగా కప్పి అతన్ని బతికించారు. పరాయి చర్మాన్ని శరీరం ఎందుకు తిప్పికొడుతుంది, ఎంతకాలానికి తిప్పికొడుతుంది అన్న ప్రశ్న మర్రేను అక్కడే పట్టుకుంది. ఆ ప్రశ్న చివరికి 1990లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చింది.

మనం గమనించవలసిన సంగతులు రెండున్నాయి. ఒకటి, వైద్యులు తమంతట తామే నిర్ణయించుకోలేదు. రోగిని బాగుచేయడానికి ఆరోగ్యవంతుణ్ణి కోయవచ్చునా? "హాని చేయను" అనుకునే వైద్యుడికి ఇది తగునా? ఈ ప్రశ్నతో వారు తోటి వైద్యులను, న్యాయ నిపుణులను, వేర్వేరు మతశాఖల బోధకులను కూడా సంప్రదించారు. అవయవ దానం చరిత్రలో కాపరులు మొదటి రోజునుంచీ ఉన్నారన్నమాట.

రెండోది, ఆపరేషన్ ముందు రాత్రి జరిగిన సంగతి. అదే ఆసుపత్రిలో ఉన్న రోనాల్డ్‌కు రిచర్డ్ ఒక చీటీ పంపాడు. ఇక్కడినుంచి ఇంటికి వెళ్లిపొమ్మని ఆ చీటీ సారాంశం. ప్రాణం మీదికి వచ్చిన మనిషి, తనను బతికించగల ఒకే ఒక్కడితో అన్న మాట అది. తాను వచ్చాననీ, ఉంటాననీ రోనాల్డ్ జవాబు పంపాడు. వెళ్లిపోవడానికి తలుపు తెరిచి ఉన్నా అతడు నిలిచాడు కాబట్టే దాన్ని దానం అంటున్నాం.

కొత్త కిడ్నీ వెంటనే పనిచేయడం మొదలుపెట్టింది. రిచర్డ్ తనకు సేవచేసిన నర్సును పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు బిడ్డల తండ్రి అయ్యాడు, ఎనిమిదేళ్లు జీవించాడు. 1963లో మరణించాడు. ఇచ్చిన రోనాల్డ్ ఒక్క కిడ్నీతో లెక్కల మాస్టారుగా పనిచేసి, వ్యవసాయం చేసి, 2010లో 79వ ఏట కన్నుమూశాడు. దానం చేశాక 56 సంవత్సరాలు బతికాడు.

డయాలసిస్ ఉండగా మార్పిడి ఎందుకు?

కిడ్నీలు రక్తంలోని మలినాలను, ఎక్కువైన నీటిని బయటికి పంపుతాయి. బి.పి.ని అదుపు చేస్తాయి. రక్తం తయారుకావడానికి, ఎముకల గట్టిదనానికి కావలసిన పదార్థాలను అందిస్తాయి. డయాలసిస్ యంత్రం వీటిలో మొదటి పనిని కొంతవరకే చేస్తుంది. అదీ వారానికి సుమారు పన్నెండు గంటలు. కిడ్నీ పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ డయాలసిస్ రోగి గుండె మీద, రక్తనాళాల మీద భారం పెరుగుతుంది. మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగవలసిన బతుకు అది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు సంఘాలకు ఈ సంగతి నేను చెప్పనవసరం లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్ అనే మాట ఎరుగని వీధి ఉండదు.

మార్పిడికి కిడ్నీ రెండు విధాలుగా దొరుకుతుంది. బ్రెయిన్ డెడ్ అయినవారి కుటుంబం ఒప్పుకుంటే వచ్చేది ఒకటి. మన రెండు రాష్ట్రాల్లో ఇది జీవన్‌దాన్ కార్యక్రమం ద్వారా వరుస ప్రకారం అందుతుంది. ఆ వరుస చాలా పొడవు. రెండోది బతికున్న దాత ఇచ్చేది. ఇది సగటున ఎక్కువకాలం, సుమారు పదిహేను నుంచి ఇరవై ఏళ్లు, పనిచేస్తుంది. ముందే రోజు నిర్ణయించుకుని చేయవచ్చు. వీలైతే డయాలసిస్ మొదలుకాకముందే చేయించుకున్నవారి ఫలితాలు ఇంకా బాగుంటాయి. కాబట్టి అడగడానికి మొహమాటపడి గడిపే ప్రతి సంవత్సరానికీ వెల ఉంది. సహోదరుని మౌనాన్ని "ఓర్పు గల సాక్ష్యం" అని మెచ్చుకుంటూ మనం కూర్చుంటే, ఆ వెల చెల్లించేది ఆయనే.

మార్పిడితో అన్నీ తీరిపోతాయని కూడా అనుకోకూడదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం రోజూ మందులు వేసుకోవాలి. ఆ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కనుక ఇన్‌ఫెక్షన్ల విషయంలో జాగ్రత్త తప్పదు.

ఇచ్చేవారికి ఏమవుతుంది?

సంఘంలో ఎక్కువమందికి ఉండే భయం ఇదే. సమాధానం కూడా నిజాయితీగా ఉండాలి.

దాతకు మొదట రక్త పరీక్షలు, స్కాన్‌లు, గుండె పరీక్షలు చేస్తారు. షుగర్, అదుపులో లేని బి.పి., క్యాన్సర్, ఏదైనా కిడ్నీ జబ్బు ఉంటే తీసుకోరు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని మన చట్టం ఒప్పుకోదు. బ్లడ్ గ్రూపు కలవాలి. ఓ గ్రూపువారు ఎవరికైనా ఇవ్వవచ్చు, ఎ.బి. గ్రూపువారు ఎవరినుంచైనా తీసుకోవచ్చు. పాజిటివ్, నెగెటివ్ తేడాతో ఇక్కడ పనిలేదు. గ్రూపు కలిసినా ఆ దాత కణాలపై రోగి రక్తం ఎదురు తిరుగుతుందేమోనని క్రాస్‌మ్యాచ్ పరీక్ష చేస్తారు.

1995 నుంచి దాత ఆపరేషన్‌ను చిన్న రంధ్రాల ద్వారా, లాప్రోస్కోపీ పద్ధతిలో చేయడం మొదలైంది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో అదే ఎక్కువ. కొద్ది రోజుల్లో ఇంటికి పంపుతారు. నాలుగు నుంచి ఆరు వారాలు విశ్రాంతి కావాలి, బరువులు ఎత్తకూడదు. మిగిలిన కిడ్నీ క్రమంగా కొంత పెరిగి పని సర్దుకుంటుంది.

ప్రమాదం లేదా? ఉంది. అమెరికాలో వేలాది దాతలను పరిశీలించిన లెక్కల ప్రకారం, ఆపరేషన్ తరువాత మూడు నెలల్లో మరణించినవారు ఒకప్పుడు పదివేలమందికి ముగ్గురు. ఇటీవలి పదేళ్లలో అది పదివేలకు ఒకరి కంటె తక్కువకు దిగింది. దాతకే తరువాతి కాలంలో కిడ్నీలు చెడిపోయే అవకాశం గురించిన అమెరికా అంచనా ఇలా ఉంది: జీవితకాలంలో పదివేలమంది దాతల్లో సుమారు 90 మందికి, దానం చేయని అంతే ఆరోగ్యవంతుల్లో 14 మందికి, మామూలు జనాభాలో 326 మందికి. అంటే దాత సగటు మనిషికన్నా క్షేమంగానే ఉన్నాడు, ఎందుకంటే ఆరోగ్యవంతులనే ఎంచుకుంటారు. కాని దానం చేయకపోతే ఉండేదానికన్నా ప్రమాదం కొంత పెరిగింది. ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పాలి. మొదటిదే చెప్పేవాడు దాతను మోసం చేస్తున్నాడు. రెండోదే చెప్పేవాడు రోగిని నిరాశపరుస్తున్నాడు.

దానం చేసిన స్త్రీలు తరువాత బిడ్డలను కనవచ్చు. అయితే గర్భకాలంలో బి.పి. పెరిగే అవకాశం కొంత ఎక్కువ. ఇంకా బిడ్డలు కావాలనుకునే చెల్లెళ్లు ఈ సంగతిని డాక్టరుగారితో ముందుగానే మాట్లాడుకోవాలి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 2011లో సవరించారు. 2014లో కొత్త నియమాలు తెచ్చారు. భార్య లేక భర్త, తలిదండ్రులు, కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనుమలు, మనుమరాళ్లు దగ్గరి బంధువులు. వీరు ఇచ్చేటప్పుడు బంధుత్వానికి రుజువులు చూపాలి. భార్యాభర్తలైతే వివాహ ధ్రువపత్రం, పెళ్లి ఫొటోలు అడుగుతారు. మన సంఘాల్లో వివాహ రిజిస్టరును సరిగా రాసి భద్రపరచడం ఎంత అవసరమో ఇటువంటి రోజున తెలుస్తుంది.

పినతండ్రి కొడుకు, బావమరిది, స్నేహితుడు, సంఘ సహోదరుడు వంటివారు ఇవ్వదలిస్తే ఆథరైజేషన్ కమిటీ అనుమతి ఉండాలి. ప్రేమాభిమానాలతోనే ఇస్తున్నారా, వెనుక డబ్బుందా, దళారి ఉన్నాడా అని ఆ కమిటీ విచారిస్తుంది. ఇద్దరికీ ఎలా పరిచయమో అడుగుతుంది, కలిసి దిగిన పాత ఫొటోలు అడుగుతుంది, ఇద్దరి మూడేళ్ల ఆదాయ వివరాలు చూస్తుంది. కాబట్టి సంఘంలో ఒకరికొకరం సహోదరులమే అయినా, చట్టం దృష్టిలో ఆ బంధం రుజువు కావాలి. ఇక్కడ కాపరులకు ఒక హెచ్చరిక. "ఇతడు రోగికి తమ్ముడు" అని, కానివాని గురించి లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వకండి. అది ఉపకారం కాదు, అబద్ధ సాక్ష్యం, నేరం కూడా. నిజంగా ఎన్నేళ్లుగా ఎరుగుదురో అంతే రాయండి.

మొదట చెప్పుకున్న కుటుంబంలో తమ్ముడి గ్రూపు కలవలేదు కదా? అంతటితో దారి మూసుకుపోలేదు. 2011 సవరణ స్వాప్ పద్ధతిని అనుమతించింది. ఇలాగే గ్రూపు కలవని మరో కుటుంబం దొరికితే, ఈ తమ్ముడు ఆ రోగికి, ఆ ఇంటి దాత ఈ సహోదరునికి ఇచ్చుకోవచ్చు. గ్రూపు కలవకపోయినా ప్రత్యేక చికిత్సతో మార్పిడి చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. పత్రాలు, కమిటీ ఏర్పాట్లు రాష్ట్రాన్ని బట్టి కొంత మారతాయి గనుక ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను అడిగి నడవాలి.

మాజీ సైనికులకు 2003 ఏప్రిల్‌లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. ఆరోగ్య పథకం ఉంది. సభ్యులు పాలీక్లినిక్‌లో చూపించుకుని, అక్కడి రిఫరల్‌తో గుర్తింపు పొందిన ఆసుపత్రులకు వెళ్లవచ్చు. ఢిల్లీలోని ఆర్మీ రీసెర్చ్ అండ్ రెఫరల్ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడులు జరుగుతాయి. ఏ ఖర్చు ఎంతవరకు వస్తుందో, దాత ఖర్చు మాటేమిటో పాలీక్లినిక్‌లో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. సంఘంలో చదువుకున్న యువకుడొకరు ఈ కాగితాల పనిలో తోడు వెళ్తే అదే గొప్ప పరిచర్య.

అమెరికాలోని తెలుగు సంఘాల పాఠకులకు ఒక మాట. అక్కడ బంధువు కానివారు, అపరిచితులు కూడా స్వచ్ఛందంగా ముందుకు రావచ్చు. వారు తగినవారా కాదా అన్నది ఆసుపత్రి పరీక్షించి చెబుతుంది. 2018లో వచ్చిన మిషన్ చట్టం ప్రకారం, మాజీ సైనికునికి కిడ్నీ ఇచ్చే దాత తాను సైన్యంలో పనిచేయకపోయినా, ఆ దాన ఆపరేషన్‌ను మాజీ సైనికుల శాఖ భరించే వీలుంది.

అయితే ఏ పథకమైనా ఆసుపత్రి బిల్లు కట్టగలదు గాని, ఒక మనిషిని లేపి "నేనిస్తాను" అనిపించలేదు.

నయమాను, గేహజీ

రాజులు రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సైన్యాధిపతి నయమాను కథ మనకు తెలుసు. రోగంతో ఉన్న సైనికుడు, స్వస్థత పొందాక ఎలీషాకు కానుకలు ఇవ్వబోయాడు. ప్రవక్త ముట్టలేదు. గేహజీ వెనుకనే పరుగెత్తి వెండి, బట్టలు తీసుకున్నాడు. దేవుడు ఉచితంగా ఇచ్చినదానికి ధర కట్టాడు. ఆ రోగం అతనికే అంటుకుంది.

కిడ్నీ విషయంలో గేహజీలు మన చుట్టూ ఉన్నారు. అప్పుల్లో ఉన్న పేదవానికి ఆశ చూపి, కోత పడ్డాక చెప్పినంత ఇవ్వకుండా వదిలేసేవారు కొందరు. "కిడ్నీ కొంటాం, కోటి రూపాయలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి" అని సందేశాలు పంపి ఉన్నదీ ఊడ్చుకునేవారు కొందరు. అవయవాన్ని అమ్మినా, కొన్నా, బేరం కుదిర్చినా, డబ్బిస్తామని ప్రకటన వేసినా చట్టం ప్రకారం ఐదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా. అటువంటి సందేశాన్ని సంఘం గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి.

మరి దాత కూలి పోగొట్టుకుంటే ఎవరు చూడాలి? చట్టం నిషేధించిన "చెల్లింపు"లో ఆపరేషన్ ఖర్చు చేరదు. దానం కారణంగా దాతకు నేరుగా కలిగిన ఖర్చులు, పోయిన సంపాదన కూడా న్యాయమైనంతవరకు చేరవు. కాబట్టి దాత కుటుంబానికి ఆ ఆరు వారాలు బియ్యం, అద్దె, పిల్లల ఫీజు సంఘం చూడవచ్చు. అయితే ప్రతి రూపాయికీ లెక్క రాయాలి, కమిటీకి దాచకుండా చెప్పాలి.

ఎలా అడగాలి?

లూకా 7వ అధ్యాయంలో ఒక శతాధిపతి ఉన్నాడు. వందమంది సైనికులకు ఆజ్ఞాపించగలిగినవాడు, తన దాసుని కోసం యేసు దగ్గరికి స్వయంగా రాలేకపోయాడు. తాను తగినవాణ్ణి కాదనుకున్నాడు. ఊరి పెద్దలు వెళ్లి అతని తరఫున బతిమాలారు. పెద్దరికం అంటే ఇదే. అడగలేని సైనికుని తరఫున నోరు తెరవడం.

అయితే ముందు ఆయన అనుమతి తీసుకోవాలి. జబ్బు సంగతి ఆయనది, మనది కాదు. ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో ఆయనే నిర్ణయించాలి. తరువాత సంఘానికి ఒక్కసారి స్పష్టంగా చెప్పండి: అవసరం ఇది, బ్లడ్ గ్రూపు ఇది, వివరాలు కావలసినవారు ఫలానా కోఆర్డినేటర్‌తో నేరుగా మాట్లాడండి. "ఎవరు ముందుకొస్తారు, చెయ్యి ఎత్తండి" అనకండి. వచ్చినవారి పేర్లు చదవకండి. రానివారి వైపు చూడకండి.

రెండు అంగీలు గలవాడు లేనివానికి ఇవ్వాలన్న బాప్తిస్మమిచ్చు యోహాను మాటను (లూకా 3:11) రెండు కిడ్నీలకు అన్వయించి ప్రసంగం చేయడం తేలిక. దయచేసి చేయకండి. అంగీ తీసి ఇవ్వడానికి కోత అక్కరలేదు. గలతీయులు వీలైతే తమ కన్నులే తీసి ఇచ్చేవారని పౌలు జ్ఞాపకం చేసుకున్నాడు (గలతీ 4:15). వారి ప్రేమను మెచ్చుకున్నాడు గాని, కన్నులు అడగలేదు. ఫిలేమోనుకు రాసినప్పుడు ఆజ్ఞాపించే అధికారం ఉండి కూడా, అతని మేలు బలవంతం వల్ల కాక ఇష్టపూర్వకంగా కలగాలని వెనక్కి తగ్గాడు (ఫిలేమోను 14). అపొస్తలుడే వెనక్కి తగ్గిన చోట మనం ముందుకు తోయవచ్చునా?

ఈ ఒత్తిడి ఎక్కువగా ఎవరి మీద పడుతుందో కూడా చెప్పుకోవాలి. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు. తీసుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. తల్లులు, భార్యలు ప్రేమతోనే ఇస్తున్నారు, సందేహం లేదు. కాని "సంపాదించే మగవాణ్ణి కోయిస్తామా" అనే మాట ఎన్ని ఇళ్లలో వినబడదు? 2014 నియమాలు దాత స్త్రీ అయినప్పుడు ఎక్కువ జాగ్రత్త వహించాలనీ, ఆమె స్వతంత్ర సమ్మతిని రోగి కాక వేరేవారి ద్వారా నిర్ధారించాలనీ చెబుతున్నాయి. ప్రభుత్వానికి తోచిన ఈ న్యాయం సంఘానికి ముందే తోచి ఉండాలి. కాపరి భార్యగారో, స్త్రీల సమాజపు పెద్దమ్మగారో ఆమెతో ఒంటరిగా కూర్చుని "అమ్మా, నీకు ఇష్టమేనా?" అని ఒక్కసారి అడగాలి.

దాత ఆపరేషన్ బల్ల ఎక్కే క్షణం వరకు మనసు మార్చుకోవచ్చు. అటువంటప్పుడు మంచి ఆసుపత్రులు కుటుంబానికి "ఈ దాత సరిపోలేదు" అని మాత్రమే చెప్పి ఆ వ్యక్తి పరువు కాపాడతాయి. కాపరి కూడా అలాంటి గోప్యతను పాటించాలి. ఇవ్వలేనన్నవారి విశ్వాసం తక్కువని ఎవరూ అనకూడదు. వారి ఇంట్లో పసిపిల్లలు ఉండవచ్చు, మనకు తెలియని జబ్బు ఉండవచ్చు, భయం ఉండవచ్చు. భయం పాపం కాదు.

తరచు వచ్చే రెండు ప్రశ్నలు

"ప్రార్థిస్తే దేవుడు స్వస్థపరచడా? డాక్టర్ల వెంట పడటం అవిశ్వాసం కాదా?" దేవుడు స్వస్థపరుస్తాడు. నయమానును యొర్దానులో మునగమన్నాడు. సాధనాన్ని దేవుడే ఎన్నుకుంటాడు. కూటాల్లో ప్రార్థన చేయించుకున్నాం గనుక డయాలసిస్ మానేస్తామనడం, మార్పిడి జరిగాక "బాగైపోయింది" అని మందులు ఆపడం ప్రాణం తీసే పనులు. మార్పిడి మందులు ఆపితే కిడ్నీని శరీరం తిప్పికొడుతుంది, సోదరుడిచ్చిన దానం మట్టిపాలవుతుంది. డయాలసిస్ మానమని ఏ సేవకుడూ ఎవరికీ చెప్పకూడదు. పసరు మందుల మాటా అంతే.

"ఒక అవయవం లేకుండా పునరుత్థానంలో ఎలా లేస్తాం?" కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం చదవండి. విత్తనం మట్టిలో చీకిపోయినా మొక్కకు శరీరమిచ్చేవాడు దేవుడే. సముద్రంలో కలిసినవారిని, సింహాల నోటబడిన హతసాక్షులను లేపగలవాడు, సోదరుని కోసం ఒక కిడ్నీ ఇచ్చినవానిని లేపలేడా?

మీ సంఘం చేయగలిగినవి

అందరూ కిడ్నీ ఇవ్వలేరు, ఇవ్వనక్కరలేదు. డయాలసిస్ రోజున బండి మీద తీసుకెళ్లి తీసుకురావడానికి వంతులు వేసుకోవచ్చు. ఇ.సి.హెచ్.ఎస్. కాగితాలు నింపిపెట్టవచ్చు. దాత కోలుకునేంతవరకు ఆ ఇంటికి కూర, అన్నం పంపవచ్చు. మరణం తరువాత అవయవ దానం గురించి ఇంట్లో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావచ్చు. అది ఆ పొడవైన వరుసను కొంత తగ్గిస్తుంది. సంవత్సరానికి ఒకసారి ఆరాధన తరువాత బి.పి., షుగర్ పరీక్షలు పెట్టించి, నలభై దాటినవారిని రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోమని చెప్పవచ్చు. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు రోజూ మింగవద్దని హెచ్చరించవచ్చు. కిడ్నీ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది.

ఇవన్నీ చేస్తూ, అడగవలసినప్పుడు అడుగుదాం. ఎవరైనా ముందుకొస్తే దేవునికి స్తోత్రం చెల్లిద్దాం. ఎవరూ రాకపోతే ఆ సహోదరుని చెయ్యి వదలకుండా వరుసలో ఆయనతో నిలబడదాం. దేశ సరిహద్దులో ఒంటరిగా కాపలా కాసినవారు మన మధ్య ఒంటరిగా జబ్బు మోయకూడదు.

ప్రభువు మీ సంఘాలను దీవించును గాక.